ఒక పోటు, ఒక పాటు

చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంట్లు మోకాళ్ల పైకి మడుచుకుని సముద్రంలోకి నడిచాం. పుష్య బహుళ ఏకాదశి, మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. వెనక అలీబాగ్ ఊరు, ఎదురుగా కొలాబా కోట. మధ్యలో కిలోమీటరు పైచిలుకు తడి ఇసుక, నాచు పట్టిన బండలు, అక్కడక్కడ పిక్కలోతు నీళ్లు. గుర్రబ్బండ్లు నీళ్లు చిమ్ముతూ మమ్మల్ని దాటిపోతున్నాయి. పొద్దున ఎనిమిదిన్నరకు ఇదే దారంతా నిండు సముద్రం. రాత్రి మళ్లీ అదే వేళకు నిండిపోతుంది. ఈ మధ్యలో దొరికే నాలుగైదు గంటలే కోటకు దారి.

నేను బందరువాణ్ని. నాన్న తాపీమేస్త్రి. నేను ఇరవై ఏళ్లుగా పుణేలో సైటు ఇంజనీరుగా పనిచేస్తున్నాను. కొంకణ తీరంలో కోటలు ఇంతకుముందూ చూశాను, కానీ అన్నీ సాయంత్రానికి తిరిగొచ్చే ప్రయాణాలే. పడవ ఎక్కడం, గంటసేపు తిరగడం, ఫొటో దిగడం, భోజనానికి పరుగెత్తడం. ఈసారి సంక్రాంతి వెళ్లాక నలుగురం గుడారాలు కట్టుకుని బయల్దేరాం. ఒకడు బందరు హైస్కూల్లో నాతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, ఇప్పుడు హైదరాబాదులో మందుల కంపెనీలో చేస్తున్నాడు. ఇంకొకడు గుంటూరులో ఫిజిక్సు లెక్చరర్. మూడో ఆయన నా సహోద్యోగి, మాల్వణ్ దగ్గర పల్లెలో జాలర్ల ఇంట పుట్టాడు. మాకంటే పెద్దవాడు కాబట్టి అందరం "దాదా" అంటాం. ప్రతి కోట దగ్గరా ఒక పోటు, ఒక పాటు పూర్తిగా చూడాలని, తక్కువైతే రావద్దని దాదా ముందే షరతు పెట్టాడు.

ఆ షరతు అర్థమేమిటో ఐదు రోజుల్లో తెలిసింది. సముద్రపు కోటను సగం మనుషులు కట్టారు, సగం సముద్రం కాసింది. ఆ రెండో సగం గంటలో కనిపించదు. దాని కోసం రాత్రి అక్కడే పడుకోవాలి.

సున్నం లేని గోడ

కొలాబా పనులు 1680లో శివాజీ చివరి రోజుల్లో మొదలయ్యాయి. ఆ తర్వాత అది మరాఠా నౌకాదళాన్ని నడిపిన కాన్హోజీ ఆంగ్రే స్థావరమైంది. 1721లో ఆంగ్లేయులు, పోర్చుగీసువారు కలిసి దీని మీదికి వచ్చి ఓడిపోయి వెళ్లారు. లోపల 1759లో కట్టిన సిద్ధివినాయకుడి గుడి ఉంది, దాని చేరువలోనే మంచినీళ్ల కోనేరు. ఉత్తరపు బురుజు దగ్గర చక్రాల మీద నిలబెట్టిన రెండు ఇంగ్లీషు ఫిరంగులున్నాయి. ఇంగ్లండులో పోతపోసిన ఆనవాళ్లు వాటి మీద ఇంకా చదవడానికి వస్తున్నాయి.

నేను మాత్రం గోడ దగ్గరే ఆగిపోయాను. నల్లరాతి దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మధ్యలో సున్నం లేదు. చాలాచోట్ల చెయ్యి దూరేంత సందులు. బందరులో ఇలాంటి గోడ కట్టి ఉంటే మా నాన్న ఆ మేస్త్రికి కూలి ఇవ్వనిచ్చేవాడు కాదు. ఇక్కడ మాత్రం ఆ సందులే గోడ బలం. అల వచ్చి తగిలినప్పుడు కొంత నీరు సందుల్లోంచి లోపలికి దూరుతుంది. రాళ్ల మధ్య చీలిపోయి, సుళ్లు తిరిగి ఊపు పోగొట్టుకుంటుంది. తిరిగి వెళ్లేటప్పుడు గోడను లాక్కుపోదు. సందు లేని నున్నటి గోడైతే అల దెబ్బనంతా ఒంటిమీద తీసుకోవాలి, వెనక చిక్కుకున్న నీటి ఒత్తిడి కూడా భరించాలి. ముంబయి మెరైన్ డ్రైవ్ ఒడ్డున నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మెలు గుట్టలుగా వేసి ఉంటాయి కదా, వాటి పని కూడా ఇదే. సముద్రాన్ని ఆపకుండా అలసిపోయేలా చేయడం.

నాలుగు దాటకముందే దాదా తొందరపెట్టాడు. తిరిగి నడుస్తుంటే వచ్చేటప్పుడు పిక్కల దాకా ఉన్న చోట నీళ్లు మోకాళ్లు దాటాయి. ఒడ్డెక్కి వెనక్కి చూసేసరికి మేం నడిచిన బండల్లో సగం కనిపించలేదు.

తిథిలో మూడు వంతులు

అలీబాగుకు దక్షిణాన నాగావ్ వైపు సరుగుడు తోటల పక్కన గుడారాలు వేసుకోవడానికి ఆ స్థలం మనిషి దగ్గర ముందే మాట తీసుకున్నాం. పొడి ఇసుక మెత్తగా ఉన్నచోట నేను మొదటి మేకు దిగ్గొట్టాను. దాదా వచ్చి దాన్ని పీకేశాడు. నా చెయ్యి పట్టుకుని ఇసుక మీద రెండు చారలు చూపించాడు. ఒకటి తడి నాచు, చిన్న గవ్వలతో కిందుగా ఉంది. అది పొద్దుటి పోటు వదిలిన గీత. దానికి చాలా పైన ఎండిపోయిన నాచు, కొబ్బరి పీచు, పుల్లలతో ఇంకొక చార. అది పౌర్ణమి నాటి పోటు వదిలింది. నేను మేకు కొట్టింది ఆ రెంటి మధ్య. ఇవాళ ఏకాదశి కాబట్టి నీళ్లు అంతవరకు రాకపోవచ్చు, కానీ అమావాస్య దగ్గరపడేకొద్దీ పోటు రోజురోజుకూ పెరుగుతుంది, గాలి తోడైతే లెక్క మారిపోతుంది. ఎండిన చారకు పైనే పడక వేయాలని చెప్పాడు. సామాను మోసుకుని తోట దాకా వెనక్కి జరిగాం.

చీకటి పడ్డాక దాదా మాకు తమ వాళ్ల లెక్క నేర్పాడు. తిథిని నాలుగు భాగాలు చేసి మూడు భాగాలు తీసుకోవాలి. ఏకాదశి అంటే పదకొండు, అందులో మూడు వంతులు ఎనిమిదింపావు. ఆ రోజు పొద్దునా రాత్రీ ఎనిమిదింపావు ప్రాంతంలో నిండు పోటు. దానికి ఆరు గంటల పైచిలుకు కలిపితే పూర్తి పాటు, అంటే రెండున్నర దరిదాపు. పాడ్యమికి ముప్పావు, విదియకు ఒకటిన్నర, అష్టమికి ఆరు. పౌర్ణమికీ అమావాస్యకూ పదకొండు దాటి పన్నెండు లోపు. కొంకణ పల్లెల్లో గడియారం లేకపోయినా, పంచాంగం తెలిసిన ఇంట్లో సముద్రం వేళ తెలుస్తుంది.

మా లెక్చరర్ ఇసుక మీద బొమ్మ గీసి కారణం చెప్పాడు. చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు, పోటు కూడా అంతే ఆలస్యమవుతుంది. జాలర్ల లెక్కలో తిథికి ముప్పావు గంట, అంటే 45 నిమిషాలు. పుస్తకం లెక్కకూ పడవ లెక్కకూ తేడా అయిదు నిమిషాలే. అమావాస్య, పౌర్ణములకు సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి లాగుతారు కాబట్టి పోటు పెద్దది, పాటు లోతైనది. అష్టమి రోజుల్లో ఒకరు లాగే దిక్కుకు ఇంకొకరు అడ్డంగా ఉంటారు కాబట్టి రెండూ తగ్గుతాయి.

అయితే ఈ లెక్కను మన తీరానికి ఇలాగే తెచ్చుకోకూడదు. ప్రతి తీరానికీ దాని వేళ వేరు. లోతు కూడా వేరు. విశాఖ దగ్గర పెద్ద పోటుకూ పాటుకూ తేడా ఒకటిన్నర మీటర్ల దరిదాపు ఉంటే, ముంబయి దగ్గర అది అయిదు మీటర్లకు చేరువవుతుంది. నడిచి వెళ్లే కోట అక్కడ ఉండటానికీ మన దగ్గర లేకపోవడానికీ ఆ తేడా ఒక ముఖ్య కారణం.

రాత్రి ఎనిమిదిన్నరకు టార్చీలు ఆర్పి ఒడ్డున నిలబడ్డాం. మధ్యాహ్నం చూసిన ఇసుక మైదానం లేదు. నీళ్లు కింది చారను తాకి, ఇంకో రెండడుగులు పైకి వచ్చి, ఆగాయి. ఇలాంటి చీకట్లో శత్రువు నడిచి రాలేడు. పడవలో వస్తే బండలు ఎక్కడున్నాయో తెలియవు. మధ్యాహ్నం మేం నడిచిన దారే రాత్రి కందకం. ఆ కందకాన్ని ఎవరూ తవ్వలేదు.

రాయి అరిగింది, సున్నం నిలిచింది

రెండో రోజు మురుద్. తీరానికి ఎదురుగా రెండు కోటలు. ఒకటి సిద్దీల జంజీరా, రెండోది దాన్ని అదుపు చేయడానికి శివాజీ కట్టించిన పద్మదుర్గ్. స్థానికులు దాన్ని కాసా కోట అంటారు. అక్కడికి రోజూ తిరిగే పడవలు లేవు. కావలసిన అనుమతి తీసుకుని, ఒక కోళీ జాలరి పెద్దాయన పడవలో పొద్దున పోటు మీద వెళ్లాం.

ఈ ఐదు రోజుల్లో నా కాళ్లు కదలనివ్వని చోటు అదే. పద్మదుర్గ్ బయటి గోడలో రాళ్లు ఉప్పుగాలికి తినేసుకుపోయి గుంటలు పడ్డాయి. తేనెపట్టు గదుల్లా లోపలికి పోయాయి. వాటి చుట్టూ ఉన్న సున్నం మాత్రం అలాగే ఉంది. గళ్ల గళ్లుగా బయటికి పొడుచుకుని నిలబడింది. మామూలుగా పాత గోడల్లో ముందు సున్నం రాలుతుంది, తర్వాత రాయి కదులుతుంది. ఇక్కడ తిరగబడింది.

రాయి ఎందుకు అరుగుతుందో చెప్పడం కష్టం కాదు. అల తుంపర రాతి రంధ్రాల్లోకి ఇంకుతుంది. ఎండకు నీరు ఆరిపోయి ఉప్పు పలుకులుగా గట్టిపడుతుంది. ఆ పలుకులు పెరిగి రాతి రేణువును పక్కకు నెడతాయి. రేణువు రాలితే కింద కొత్త పొర ఉప్పుకు దొరుకుతుంది. మూడు వందల ఏళ్లకు పైగా రోజుకు రెండు పోట్లు అదే పని చేస్తున్నాయి. మరి సున్నం ఎలా తట్టుకుంది?

మా ఇంటి వెనక గానుగ ఉండేది. రాతి చక్రం కింద సున్నం, ఇసుక వేసి రోజంతా ఎద్దుతో తిప్పించేవారు. నీళ్లలో కరక్కాయలు, బెల్లం నానబెట్టి ఆ నీళ్లు కలిపేవారు. పిల్లలం బెల్లం వాసనకు చుట్టూ చేరితే నాన్న కసిరేవాడు. వేలికి తీసుకుని బొటనవేలితో రుద్ది, గరుకు తగిలితే "ఇంకో చుట్టు" అనేవాడు. సిమెంటు వచ్చాక గానుగ ఆగిపోయింది. చక్రం రాయి చాన్నాళ్లు తులసికోట పక్కనే పడి ఉండేది. పద్మదుర్గ్ సున్నంలో ఏం కలిపారో నేను చెప్పలేను. కానీ దాన్ని తొందరపడి కలపలేదని మాత్రం వేలితో తడిమితే తెలిసింది. నా పేరు మీద పుణేలో లేచిన భవనాల్లో ఒక్క గోడైనా ఇలా నిలుస్తుందా అని ఆలోచిస్తూ పడవెక్కాను.

మధ్యాహ్నం రాజపురి నుంచి తెరచాప పడవలో జంజీరా. దూరం నుంచి అంతా గోడే, ద్వారం కనబడదు. పడవ దాదాపు గోడను తాకబోతుండగా రెండు బురుజుల మధ్య తెరుచుకుంటుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు దీన్ని ఏలారు. శివాజీకి లొంగలేదు. 1682లో శంభాజీ ఒడ్డు నుంచి సముద్రంలోకి రాళ్లు పోయించి దారి వేయాలని చూసినా సాగలేదు. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసేదాకా వాళ్ల చేతిలోనే ఉంది. లోపల రెండు మంచినీటి చెరువులు, బురుజుల మీద కలాల్ బాంగ్డీ లాంటి పెద్ద ఫిరంగులు. సిద్దీల మాట వినగానే మా హైదరాబాదువాడు ఆగాడు. వాడు రోజూ ఆఫీసుకు వెళ్లేది ఏసీ గార్డ్స్ మీదుగానే. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటు కాబట్టే దానికి ఆ పేరు. ఇన్నేళ్లూ ఆ రెండు అక్షరాలు ఏమిటో అడగలేదని, ఊరికి వెళ్లగానే ఆ వీధుల్లో తీరిగ్గా తిరుగుతానని అన్నాడు.

తాబేలు చెక్కిన గడప

మూడో రోజు దక్షిణానికి. కార్లను కూడా ఎక్కించుకునే పంట్ల మీద కడలి పాయలు దాటుతూ హర్ణై చేరాం. సాయంత్రం ఒడ్డునే చేపల పాట జరుగుతుంది. వంజరం, చందువా, రొయ్యలు కుప్పలుగా పోసి ఆడవాళ్లు ధర పలుకుతుంటే, పాడేవాడి చేతి కదలికలు తప్ప మాకేమీ అర్థం కాలేదు. ఎదురుగా దీవి మీద సువర్ణదుర్గ్. 1755లో కమొడోర్ విలియం జేమ్స్ నౌకలు దీన్ని కొట్టాయి. ఆ విజయానికి గుర్తుగా ఆయన భార్య లండన్‌లో ఒక గుట్ట మీద సెవర్న్‌ద్రూగ్ అని బురుజు కట్టించింది. సువర్ణదుర్గ్ పేరు ఇంగ్లీషు నోట్లో అలా మారింది. కోట గడప రాతి మీద తాబేలు, ద్వారం పక్క గోడ మీద హనుమంతుడు చెక్కి ఉన్నారు.

ఆ గడప మీది తాబేలు నాకు రాత్రికి మళ్లీ గుర్తొచ్చింది. పక్కనే ఉన్న ఆంజర్లే, ఇంకొంచెం ఉత్తరాన వేళాస్ తీరాల్లో శీతాకాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఊరివాళ్లు గుడ్లను కంచెలో కాపాడి, పిల్లలు బయటికి రాగానే సముద్రంలోకి వదులుతారు. తాబేలు పిల్ల వెలుగు ఎటుంటే అటు నడుస్తుంది. చీకటి తీరంలో వెలుగు సముద్రం మీదే ఉంటుంది కాబట్టి దారి తప్పదు. ఒడ్డున మంటో, తెల్లటి లైటో ఉంటే అటు తిరిగి దారి తప్పుతుంది. అందుకే అక్కడ ఇసుక మీద పడుకోలేదు. ఊళ్లో ఒక ఇంటి వెనక కొబ్బరి, పోక చెట్ల వాడీలో గుడారాలు వేసుకున్నాం. ఆ ఇంటి అమ్మ బియ్యప్పిండి రొట్టెలు, కోకమ్ పులుపు వేసిన సోల్‌కఢీ పెట్టింది.

గుంటూరు మీదుగా వెళ్లిన నీడ

నాలుగో రోజు విజయదుర్గ్. శిలాహార రాజుల కాలం నాటిదని చెప్పే ఈ కోటను శివాజీ 1653లో ఆదిల్‌షాహీల నుంచి తీసుకుని మూడు వరసల గోడలతో బలపరిచాడు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క వాఘోటన్ నది కలిసే పాయ. పెద్ద ఓడలు లోతులేని ఈ పాయలోకి రాలేవు. ఆంగ్రేల గురాబులు, గల్బత్‌లు అనే ఓడలు అడుగు పలచగా, తేలిగ్గా ఉండేవి. పోటు మీద లోపలికి వచ్చి దాక్కునేవి. పాయ లోపలికి వెళ్తే గిర్యే దగ్గర ఒడ్డును తొలిచి కట్టిన ఓడల రేవు ఇప్పటికీ కనిపిస్తుంది. పోటులో ఓడను లోపలికి తెస్తారు, పాటుకు నీళ్లు వెళ్లిపోతే అడుగు బయటపడుతుంది, చెక్కలు బాగుచేసి మళ్లీ పోటుకు తేలుస్తారు. యంత్రం, కూలీ లేకుండా ఓడను ఎత్తి దింపే పని సముద్రానిదే. మేం వెళ్లేసరికి పాటు. గోడ మొదట్లో బురద మెరుస్తోంది. దాన్ని చూస్తే తప్ప అది రేవని నమ్మలేం.

1756 ఫిబ్రవరిలో అడ్మిరల్ వాట్సన్, రాబర్ట్ క్లైవ్ కలిసి ఈ కోటను పట్టుకున్నారు. పాయలో ఉన్న ఆంగ్రేల ఓడలు కాలిపోయాయి. గోడ కంటే ముందు ఆ పడవలు పోయాయి. ఆ తర్వాత ఇక్కడ ఆంగ్రేల నౌకాబలం మళ్లీ లేవలేదు.

కోట లోపల కొన్ని అరుగులున్నాయి. వాటిని "సాహెబు అరుగులు" అంటారు. హీలియం ఇక్కడే దొరికిందని, 1868 గ్రహణానికి లాకియర్ అనే శాస్త్రవేత్త ఇక్కడే దుర్భిణి పెట్టాడని ఊళ్లో చెప్పారు. మా లెక్చరర్ వాళ్ల మాట కాదనలేదు. అరుగు మీద కూర్చుని మాకు అసలు సంగతి చెప్పాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఈ పడమటి తీరంలో దేశంలోకి అడుగుపెట్టి, బీజాపూర్ ప్రాంతం దాటి, గుంటూరు, బందరు మీదుగా బంగాళాఖాతంలోకి వెళ్లిపోయింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో కూర్చుని సూర్యుడి అంచు జ్వాలల వెలుగును విడగొట్టి చూశాడు. మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ బందరు వచ్చాడు. లాకియర్ అప్పుడు ఇంగ్లండులో ఉన్నాడు. అదే ఏడాది అక్టోబరులో గ్రహణం లేకుండానే ఆ జ్వాలల్లో పసుపు గీతను పరిశీలించాడు. అది భూమ్మీద తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తేలాక, సూర్యుడి గ్రీకు పేరు మీద దానికి హీలియం అని పేరొచ్చింది. లాకియర్ విజయదుర్గ్ వచ్చిన మాట నిజమే, కానీ ముప్పై ఏళ్ల తర్వాత, 1898 జనవరి 22 గ్రహణానికి. ఊరివాళ్ల జ్ఞాపకంలో రెండు గ్రహణాలు కలిసిపోయాయి.

"మా ఊరి పేరు ఈ గోడల మధ్య వినిపిస్తుందని అనుకోలేదురా" అన్నాడు గుంటూరువాడు. వాడు ఇరవై ఏళ్లుగా పిల్లలకు వర్ణపటం పాఠం చెబుతున్నాడు. ఇకనుంచి ఆ పాఠం ఊరి పేరుతో మొదలుపెడతానని అన్నాడు. ఆ ఆగస్టు 18న మొదట చీకటైంది ఈ తీరం, తర్వాత మా ఇద్దరి ఊళ్లు. రాత్రి ఊరి బయట గుడారంలో పడుకుని ఆ నీడ దారిని మనసులో గీసుకుంటూ నిద్రపోయాను.

ఉప్పునీళ్ల నడుమ మూడు బావులు

ఐదో రోజు అమావాస్య. మన దగ్గర అది చొల్లంగి అమావాస్య, సముద్రస్నానం రోజు. మాల్వణ్‌లో తెల్లవారకముందే నలుగురం మూడు మునకలు వేశాం. సూర్యుడు లేచేవేళకు పాటు, బండలన్నీ బయటపడి ఉన్నాయి. ఎదురుగా సింధుదుర్గ్ గోడ కొండచిలువలా వంపులు తిరిగి పడుకుని ఉంది.

ఇక్కడ శంకుస్థాపన 1664 నవంబరు 25న జరిగింది. హిరోజీ ఇందుల్కర్ ఆధ్వర్యంలో మూడేళ్లలో పూర్తయింది. 48 ఎకరాల దీవి చుట్టూ దాదాపు 3 కిలోమీటర్ల గోడ. పునాదిలో రాళ్లను పట్టి ఉంచడానికి సీసం కరిగించి పోశారని చెబుతారు. తెలిసిన సరంగు లేకపోతే ఈ బండల మధ్య పడవ బతకదు. మా పడవ కూడా తిన్నగా వెళ్లలేదు. నీటి రంగు చూస్తూ, మూడుసార్లు మలుపు తిప్పుకుని ద్వారం ముందుకొచ్చింది. ఆ ద్వారం కూడా రెండు బురుజుల వంపులో దాగి ఉంటుంది. లోపల శివాజీ కొడుకు రాజారాం కట్టించిన శివరాజేశ్వర ఆలయం, సున్నపు పలక మీద శివాజీవని పూజించే చేతి ముద్ర, పాదముద్ర ఉన్నాయి. కొన్ని కుటుంబాలు ఇప్పటికీ కోటలోనే కాపురం ఉంటున్నాయి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మూడు బావులు. పాలబావి, పెరుగుబావి, పంచదారబావి అని పేర్లు. నాలుగు దిక్కులా ఉప్పునీళ్లు, మధ్యలో మంచినీళ్లు. ఇది మాయ కాదు. దీవి మీద కురిసిన వాన నేలలోకి ఇంకి, ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద పొరగా తేలుతుంది. బావి ఆ పొర వరకే తవ్వాలి. ఇంకా లోతుకు వెళ్లినా, ఉన్నదానికంటే ఎక్కువ తోడినా ఉప్పు పైకొస్తుంది. దివిసీమలో బోర్లు లోతుకు దించి ఉప్పునీళ్లు తెచ్చుకున్న ఊళ్లు చూసినవాణ్ని కాబట్టి, బావి తవ్వినవాడు ఎక్కడ ఆగాడన్నదే నాకు గొప్పగా అనిపించింది. కోటలో కాపురమున్న ఒక ఇంటి అమ్మాయి చెంబుతో నీళ్లిచ్చింది. తియ్యగా ఉన్నాయి. ముట్టడి వేసినవాడు ఫిరంగితో గోడ పగలగొట్టొచ్చు. దాహం మాత్రం లోపలివాడిది కాకపోతే బయటివాడే ముందు వెళ్లిపోవాలి.

గుడారం వేసేవాళ్లకు

ఈ కోటలన్నీ రక్షిత కట్టడాలు. సందర్శకులను లోపల రాత్రి ఉండనివ్వరు, ఉండకూడదు కూడా. మంట వేస్తే రాయి పగులుతుంది, మేకు కొడితే గచ్చు లేస్తుంది. ఒడ్డున, స్థలం మనిషినో పంచాయతీనో అడిగి వేసుకోండి. వానాకాలంలో కోటలకు పడవలు ఆపేస్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండిన నాచు చారల్లో ఏది అన్నిటికంటే పైన ఉందో చూసి, దానికి పైన పడక. ఇసుకలో మేకు నిలవదు. సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి మోకాలి లోతున పాతితే గుడారం గాలికి కదలదు. సరుగుడు ఆకు ఎండితే నిప్పురవ్వ చాలు, కాబట్టి తోటలో పొయ్యి వద్దు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల తాగునీరు మోసుకెళ్లండి. తాబేలు పిల్లలు దారి తప్పకుండా లైటుకు ఎర్రటి కాగితం కట్టండి. సముద్రం పొంగు, పెద్ద అలల హెచ్చరికలు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఎప్పటికప్పుడు ఇస్తుంది. బయల్దేరే ముందు చూసుకోండి. ఆ తర్వాత ఒడ్డున ఉన్న జాలరిని అడగండి. వాళ్లు వద్దంటే ఆ రోజుకు అంతే.

2025 జులైలో యునెస్కో మరాఠాల సైనిక కోటలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 12 కోటల్లో సువర్ణదుర్గ్, విజయదుర్గ్, సింధుదుర్గ్ ఉన్నాయి. ఇక జనం పెరుగుతారు. మనం తీసుకెళ్లిన ప్లాస్టిక్ ప్రతి ముక్కా మనతోనే వెనక్కి రావాలి. అక్కడ వదిలినదాన్ని పోటు గోడకే చేరుస్తుంది.

బందరులో

ఉగాదికి బందరు వెళ్లాను. చిన్నప్పుడు మాకు తెలిసిన కోట అంటే ఊరికి దూరంగా ఉప్పు చిత్తడిలో మిగిలిన శిథిలాలే. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ సేన రాత్రివేళ ఫ్రెంచివారి చేతి నుంచి దాన్ని లాక్కుంది. 1864 నవంబరు ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయారు. ఇన్నేళ్లూ మంగినపూడి బీచికి సైకిళ్ల మీద వెళ్లామే కానీ, కోట దగ్గరి బురదలోకి పోటు ఎన్నింటికి వస్తుందో నాకూ తెలియదు, నా బెంచీ స్నేహితుడికీ తెలియదు. ఆ మాట ఫోనులో అనుకున్నాం. వేసవి సెలవులకు వాడు వస్తున్నాడు. గిలకలదిండి రేవులో అడిగి, మా తీరపు లెక్క రాసుకోవాలని నిర్ణయించుకున్నాం.

నాన్నకు పద్మదుర్గ్ ఫొటో చూపించాను. అద్దాలు తుడుచుకుని, ఫోను కళ్ల దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. గోడను తడిమినట్టే తెర మీద బొటనవేలు రుద్దాడు.

"గానుగ బాగా తిప్పారు" అన్నాడు. కాసేపాగి అడిగాడు. "రాత్రి అక్కడే ఉన్నారట్రా?"

"ఉన్నాం నాన్నా. ఒడ్డునే."

"పోటు చూశావా మరి? గోడ కింద నీళ్లు ఎంతవరకు వచ్చాయి?"

చెయ్యి పెట్టి చూపించాను. ఆయన తల ఊపి, ఫోను నా చేతికిచ్చి, తులసికోట వైపు చూశాడు. గానుగ రాయి ఇప్పుడు అక్కడ లేదు.